కరస్పాండెంట్ సారుకు, షిఫ్టు ఎక్కేముందు

మహారాజశ్రీ కరస్పాండెంట్ గారి దివ్య సముఖానికి,

తమరి బడిలో ఆరో తరగతి చదివే పాప తండ్రి పటాన్‌చెరు నుంచి నమస్కరించి రాసుకునే మనవి. తమరు జరిపిన సైబర్ భద్రతా వారోత్సవాలతో మా జన్మ ధన్యమైంది. 'పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి' అన్న సర్క్యులర్ వాట్సాప్‌లోనే వచ్చింది. దాని కిందే, 'ఈ ప్రతిజ్ఞ చదువుతూ పిల్లలు వీడియో తీసి రాత్రి 9 లోపు గ్రూపులో పెట్టాలి, ఎఫ్‌ఏ ప్రాజెక్టు కింద 5 మార్కులు' అని ఉంది. ఇంత తెలివి ఇంకెవరికొస్తుంది సార్!

పోయిన వారం నాది పాశమైలారం ఫ్యాక్టరీలో బి షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి గేటులో ఫోన్ తీసుకుంటే మళ్లీ రాత్రి పదికే ఇచ్చేది. చూస్తే మా ఆవిడవి ఏడు మిస్డ్ కాల్స్. గుండె జారిపోయింది. తీరా విషయమేంటంటే, 'అందరూ పంపిండ్రు, మీ పాపదొక్కటే బాకీ' అని టీచరమ్మ ఫోన్ మీద ఫోన్. వాళ్లమ్మ హడావిడిగా తీసి పంపేసింది. యూనిఫాంలో, మా గుమ్మం ముందర నిలబడి చెప్తోంది నా బిడ్డ: 'నా పేరు ఫలానా. ఆరో తరగతి బి సెక్షన్. ఫలానా స్కూలు. ఉండేది ఫలానా కాలనీ. నా వివరాలు అపరిచితులకు చెప్పనని ప్రతిజ్ఞ చేస్తున్నాను.'

మీరు రాసిచ్చిన మాటలే సార్. అదే వరసలో.

ఆ గ్రూపులో ఎవరెవరున్నారో ఎప్పుడైనా చూశారా? టై, బెల్టులు అమ్మే ఆయన ఉన్నాడు. నిరుడు బడి మానేసిన పిల్లల మేనమామలున్నారు. గులాబీ పువ్వు డీపీ పెట్టుకున్నాయన ఎవరో టీచరమ్మకే తెలియదు. అది చాలదన్నట్టు తెల్లారి వీడియోకు పాట తగిలించి మీ స్కూలు పేజీలో ఎక్కించారు, కింద 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అని పట్టీ. నన్నెవరడిగారు? 2023లో చేసిన డేటా చట్టం, పద్దెనిమిది నిండని పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. సొంతంగా ఖాతా తెరవాలంటే పదమూడేళ్లు నిండాలని వాట్సాప్ కంపెనీయే అంటోంది. మా పాపకు పదకొండు.

మూడో రోజు రాత్రి కొత్త నంబరు నుంచి పాపకు మెసేజ్: 'హాయ్ చెల్లీ, ప్రతిజ్ఞ బాగ చెప్పినవ్. ఇంకో ఫొటో పంపు.'

ఇంక దివ్య సముఖం లేదు, ఏం లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే 'బ్లాక్ చేసుకోండి సార్, మాకేం సంబంధం' అన్నారు. గోడ మీద సైబర్ నేరాల 1930, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లు మూరెడు అక్షరాలతో రాయించారు, బాగుంది. మీ బడిలో ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఒక్క పేరు లేదు. 2024 జులైలో ఒక తండ్రీకూతుళ్ల వీడియో మీద ఒక యూట్యూబర్, వాడి దోస్తులు ఏం బూతులు కూశారో మీరూ వినే ఉంటారు. హీరో సాయి ధరమ్ తేజ్ బయటపెట్టాక పోలీసులు వాణ్ని బెంగళూరులో పట్టుకున్నారు. మా కోసం ఏ హీరో వస్తాడు?

మేమూ ఏటా మార్చి 4న చెయ్యి చాచి భద్రతా ప్రతిజ్ఞ చేస్తాం. 2025 జూన్ 30 నాటి ఫ్యాక్టరీ పేలుడు తర్వాత పాశమైలారంలో ప్రతిజ్ఞల మాటెత్తితే ఎవడూ నవ్వను కూడా నవ్వడు. మాకు తెలిసిన భద్రత గేటు దగ్గర ఫోన్ తీసుకునే వాచ్‌మన్. మీ గేటు దగ్గర ఎవరున్నారు?

హోంవర్కు డైరీలో రాయించండి సార్, మేం చదివినట్టే చదువుకుంటారు. గ్రూపులో అడ్మిన్ టీచర్లు తప్ప ఇంకెవరూ ఏమీ పెట్టకుండా సెట్టింగ్ ఉంది, రెండు నిమిషాల పని. పిల్లల నంబర్లు తీసేయించండి. భయపడ్డ పిల్ల వెళ్లి చెప్పుకోవడానికి ఒక మేడమ్‌ను పెట్టండి. మీ కాళ్లు పట్టుకుంటా.

ఈ వారం నాది సి షిఫ్టు. ఇప్పుడు తొమ్మిదిన్నర. పదికి ఫోన్ గేటులో ఇచ్చేస్తే పొద్దున ఆరు దాకా ఇంట్లో ఏం జరిగినా నాకు తెలియదు. వీడియో ఇంకా మీ పేజీలోనే ఉంది. పదిలోపు తీసేయండి సార్.