బండ్లు ఓడలవుతాయట!

మా ఇంట్లో ఇప్పుడు మూడు రెండెడ్ల బండ్లున్నాయి. ఎడ్లు లేవు. పొలం అసలే లేదు, మా మామగారి హయాంలోనే అమ్మేశారు. గడ్డిపరక లేని ఇంటికి మూడు బండ్లెందుకమ్మా అని మీరడగచ్చు. నేనూ అదే అడిగాను. మా ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి. ప్రస్తుతం రెండోది నడుస్తోంది" అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి సామెతలోకి దిగారంటే లెక్క తేలలేదని అర్థం. ఆ సంగతి నాకు అప్పటికి తట్టలేదు.

వ్యాపారం ఏమిటంటే, మెట్టలో, జంగారెడ్డిగూడెం, చింతలపూడి వైపు, చింతచెట్ల కింద పాత బండ్లు పడుంటాయి. ట్రాక్టర్లొచ్చాక, కోత మిషన్లొచ్చాక వాటి మొహం చూసినవాళ్ళు లేరు. చక్రాలు మట్టిలో దిగబడి, తొట్లో కోళ్ళు పొదుగుతూ ఉంటాయి. వాటిని చవగ్గా కొని, బాగుచేయించి, రిసార్టులకీ, ఫంక్షన్ హాళ్ళకీ, పల్లెటూరి భోజనం అని బోర్డు కట్టుకునే హోటళ్ళకీ అమ్మడం. పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు ఎక్కి కూర్చుంటారట. సంక్రాంతికి కాలేజీలవాళ్ళు అద్దెకడుగుతారట. అన్నీ 'ట'లే.

నిజానికి మొదట ఆయన కన్ను ట్రాక్టరు ట్రక్కుల మీద పడింది. ఒకటి బేరం చేశారు కూడా. దానికి కాగితాలు కావాలి కదా. యాజమాన్యం మారడానికి 29, 30 నంబరు ఫారాలు. తీరా చూస్తే ట్రక్కు ఉన్నది ఎప్పుడో పోయిన ఆయన పేరున. వారసుల పేరుకి మార్చడానికి 31. దాని మీద ఫైనాన్సు అప్పు తీరిందనడానికి 35. "అన్నీ కూడితే 125. ఈ వయసులో నా వల్ల కాదు" అని వదిలేశారు. ఎడ్లబండికి రిజిస్ట్రేషను లేదు, ఇన్సూరెన్సు లేదు, మోటారే లేనిదానికి మోటారు వాహనాల చట్టం వర్తించదు. ఆ ఒక్క ముక్క దగ్గరే ఆయన మనసు బండికి కట్టుబడిపోయింది.

మొదటి బండి కొనడానికి నన్నూ తీసుకెళ్ళారు, దారిలో ద్వారకా తిరుమల దర్శనం చేయిస్తానని ఆశపెట్టి. ఆ ఇంటి పెద్దావిడ బండి మీద చెయ్యి వేసి, "నన్ను కాపరానికి దీన్లోనే తెచ్చారు నాయనా" అంది. అమ్మింది గానీ కాడి మాత్రం ఇవ్వనంది. ఏరువాక పున్నమికి పసుపు రాసి బొట్టు పెట్టుకోవాలట. ఎడ్లు పోయి ఇరవై ఏళ్ళయినా కాడికి బొట్టు మానని మనిషి. నేనైతే అక్కడే దణ్ణం పెట్టి వచ్చేసేదాన్ని. మా ఆయన, కాడి లేదు కనక అయిదొందలు తగ్గించమన్నారు.

బండి మినీ లారీ ఎక్కి వచ్చింది. జన్మంతా బరువులు మోసిన బండి, ముసలితనంలో ఇంకో బండెక్కి మా గుమ్మం ముందు దిగింది. గేటు పట్టలేదు. ఒక స్తంభం పడగొట్టారు.

బండిపని తెలిసిన వడ్రంగి దొరకడమే గగనమైంది. దొరికిన ఆయన ఇప్పుడు ప్లైవుడ్డు బీరువాలు చేసుకుంటున్నాడు. చక్రం చూసి, "పన్నెండు ఆకుల్లో అయిదు పోయాయి మాస్టారూ, నల్లతుమ్మ కావాలి" అన్నాడు. తుమ్మచెక్క కోసం నాలుగు టింబరు డిపోలు తిరిగారు. ఆరు రోజులు నా వరండాలో రంపం, బాడిశ, చిత్రిక. చిత్రిక పట్టిన పొట్టు పప్పులోకీ వచ్చింది, దేవుడి గూట్లోకీ వచ్చింది.

ఏడో రోజు పట్టా ఎక్కించారు. దాని గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు నేను తిట్టడం కూడా మర్చిపోయాను. చక్రం చుట్టూ ఉండే ఇనుప పట్టా చక్రం కన్నా కొంచెం చిన్నదిగా చేస్తారు. కమ్మరి దాన్ని పెరట్లో పడుకోబెట్టి, చుట్టూ పిడకలూ కొబ్బరిడొక్కలూ పేర్చి నిప్పు పెట్టాడు. పక్కింటి అమ్మాయి గోడమీంచి తొంగిచూసి, "ఇప్పుడే భోగిమంటేంటి పిన్నిగారూ?" అంది. మా ఆయన సుద్దముక్క అందుకున్నారు. అయిదడుగుల చక్రానికి చుట్టుకొలత పదిహేను అడుగుల ఎనిమిది అంగుళాలు చిల్లర, ఇనుము అయిదొందల డిగ్రీలు వేడెక్కితే అంగుళం పైగా సాగుతుంది అని గచ్చు మీద రాసి చూపించారు. కమ్మరి చదువుకోలేదు. పట్టా రంగు చూసి "ఊఁ" అన్నాడు. నలుగురూ పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, సమ్మెటతో చుట్టూ కొట్టి, బిందెలతో నీళ్ళు గుమ్మరించారు. చుయ్యిమని ఆవిరి లేచింది. లోపల చెక్కలన్నీ ఒక్కసారి కిర్రుమని బిగుసుకున్నాయి. ఆ చప్పుడు బాగుంది. తర్వాత చూస్తే ట్యాంకు ఖాళీ, ఆరేసిన చీరలు నాలుగు పొగకంపు, నిమ్మచెట్టు ఒక పక్క మాడింది.

ఇరుసుకి కందెన కూడా పాత పద్ధతిలోనే అన్నారు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి. ఎక్కడికీ కదలని బండికి కందెనెందుకండీ అంటే, "పద్ధతి పద్ధతే" అని జవాబు. బెంగళూరు ఐఐఎం మొదటి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామిగారంతటివారు ఎడ్లబండి కోసం పాటుపడ్డారు తెలుసా అని పాఠం కూడా చెప్పారు. ఆయన ఎద్దు మెడకి బరువు తగ్గిద్దామని చూశారు. ఈయన నా మెడకి ఎక్కించారు.

సరే, వార్నిషు కొట్టి, నిగనిగలాడే బండి ఫొటో ఒక రిసార్టు ఆసామికి పంపారు. ఆయన ఫోన్ చేసి, "బాగుంది మాస్టారూ, కానీ కొత్తగా ఉంది. పాతదానిలా కనపడాలి" అన్నాడు! చింతచెట్టు కింద ఉన్నప్పుడు అలాగే కనపడింది కదండీ, ఆ మాట ముందే చెబితే అలాగే పట్టుకెళ్ళేవాళ్ళం. మళ్ళీ మొదలు. వార్నిషు గీకడం, తీగబ్రష్షుతో రుద్దడం, టీ డికాక్షన్ పట్టించడం, తుప్పుమేకులు నానబెట్టిన వెనిగర్ పూయడం. చెక్క నల్లబడింది, నిజమే. అరకిలో టీపొడి నాది. ఆ వారం ఇంటికొచ్చిన చుట్టాలకి మజ్జిగిచ్చాను.

చివరికి 32,000కి అమ్ముడయింది. ఆయన లెక్క ఇది. బండి 9,000, తెచ్చిన కిరాయి 2,500, కలప 4,200, వడ్రంగి 6,000, కమ్మరి 2,000, మేకులూ వార్నిషూ 1,150, పంపిన కిరాయి 3,000. మొత్తం 27,850. లాభం 4,150. ఆ రాత్రి ఇంటికి మిఠాయి వచ్చింది.

నా లెక్క పాలవాడి క్యాలెండరు వెనక ఉంది. పనివాళ్ళ భోజనాలూ కాఫీలూ 1,400. గేటు స్తంభం మళ్ళీ కట్టించడం 3,500. అంటే నష్టం 750, మిఠాయి కాకుండా. చూపిస్తే, గేటు స్థిరపెట్టుబడి కిందికి వస్తుంది, దాన్ని ఒక్క బండి నెత్తిన రుద్దకూడదు, ఎన్ని ఎక్కువ బండ్లు తెస్తే అంత తక్కువ పడుతుంది అన్నారు. ఇప్పుడున్న మూడు బండ్లూ అలా వచ్చినవే. వాటిలో ఒకదాని చక్రాలు రెండూ విడిగా అమ్ముడుపోయాయి, ఒకటి ఎవరి గేటుకో అలంకారం, ఇంకోటి మీద అద్దం వేసి టీపాయ్ చేస్తారట. చక్రాల్లేని ఆ మొండెం మా హాల్లో సోఫా స్థానంలో ఉంది. కూర్చుంటే చీల గుచ్చుకుంటుంది. టార్పాలిన్ కప్పుకుని మిగతా బండ్లు వాకిట్లో పొడిగా ఉన్నాయి, నా స్కూటీ వీధిలో వానకి తడుస్తోంది.

కనక అయ్యలారా, అమ్మలారా, మీలో ఎవరికైనా బండి కావాలంటే సందేహించకండి. కొత్తగా కావాలంటే కొత్తగా, పాతగా కావాలంటే పాతగా ఉన్నాయి. ధర మీ ఇష్టం. వచ్చే ఆదివారం మా ఆయన పూర్వ విద్యార్థుల సమావేశానికి వెళుతున్నారు, సాయంత్రం దాకా రారు. గేటు తీసే ఉంచుతాను.