చెవి రబ్బరు సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలము: మీ చెవికి సరిపోయే రబ్బరును ఎంచుకొనుడు.

అవతారిక. ఇయర్‌ఫోన్ డబ్బా అడుగున మడిచి పెట్టిన కాగితం మీద, ఛార్జింగ్ వివరాలకూ వారంటీ షరతులకూ నడుమ ఇరుక్కుని ఉండే వాక్యమిది. డబ్బా తెరిచినవాడు దీన్ని చదవడు. ముందే తొడిగి ఉన్న రబ్బర్లతోనే కాలం గడిపి, మిగతా రెండు జతలనూ బీరువా సొరుగుకు అంకితమిస్తాడు. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు గానీ ఈ వాక్యం రాసినవాడికి పేరూ దక్కలేదు, వ్యాఖ్యాతా దొరకలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ టీక. విషయం: చెవి అచ్చు తీయించి ప్రత్యేకంగా చేయించుకునే కస్టమ్ ఇయర్‌ఫోనా, అందరికీ ఒకే పోతగా అంగట్లో దొరికే యూనివర్సలా అన్న వివాదం. ప్రయోజనం: కొనబోయేవాడి డబ్బు. అధికారి, అనగా ఈ శాస్త్రం ఎవరికోసమో ఆ మనిషి: పొద్దున్నే సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఎక్కి గుమ్మిడిపూండి మీదుగా పోయేవాడు, లేదా తడ దాటి శ్రీసిటీకి పోయే కంపెనీ బస్సులో కునికేవాడు. ఇతడు వేదిక మీద పాడేవాడు కాడు, సీటులో కూర్చుని వినేవాడు. ఈ తేడాను మరిచినవారే ఈ వివాదంలో దారి తప్పుతున్నారు.

టీక. ‘మీ చెవికి’ అనగా అద్దంలో కనబడే డొప్పకు కాదు, లోపలి నాళానికి. పెద్దవాళ్లలో అది సుమారు 25 మిల్లీమీటర్ల పొడవుంటుంది. తిన్నగా ఉండక వంపులు తిరుగుతుంది. బయటివైపు మూడో వంతు మెత్తని మృదులాస్థి, ఆ లోపలంతా ఎముక. దవడ ఆడితే మెత్తని భాగం ఆకారం మారుతుంది కనుక, దోసె నమిలేటప్పటి చెవి వేరు, ఊరకున్నప్పటి చెవి వేరు. ‘సరిపోయే’ అనగా గాలి సందు లేకుండా మూసేది. నొప్పి పెట్టకపోవడం, జారిపోకపోవడం ఆ తర్వాతి మాటలు. ‘రబ్బరు’ అనగా సిలికాన్ టోపీ, లేదా స్పాంజి టోపీ. ‘ఎంచుకొనుడు’ అనడంలో, తయారీదారు తన పనిలో సగాన్ని కొన్నవాడి నెత్తిన పెట్టాడన్న ధ్వని ఉంది. ఆ సగాన్ని మనం చేయకుండా వదిలేసి ఇయర్‌ఫోన్‌ను తిట్టడం లోకరీతి.

తాత్పర్యము. ఇయర్‌ఫోన్‌లో శబ్దం పుట్టించే యంత్రం గోరంత. అంత చిన్నది మంద్రస్వరాన్ని వినిపించగలగడానికి కారణం, చెవిలో అది కదిలించవలసిన గాలి కూడా కొద్దిదే కావడం. ఆ గాలి మూసి ఉన్నంతసేపే ఈ లెక్క నిలుస్తుంది. సందు ఏర్పడితే ముందుగా జారిపోయేవి కింది స్థాయి శబ్దాలు: మృదంగం ఎడమవైపు తొప్పి గుంకారం, తవిలు మోత, తంబుర మంద్ర షడ్జం. పై స్థాయివి పెద్దగా పోవు. గొంతూ వయొలినూ మిగులుతాయి, అయితే పలచబడి, గీసుకుపోతున్నట్టుగా. అదే సందులోంచి రైలు రొద లోపలికొస్తుంది. ఆ రొదలో ఎక్కువ బలం కింది స్థాయి శబ్దాలదే కాబట్టి మిగిలిన కాస్త మృదంగాన్నీ అది మింగేస్తుంది. అప్పుడు వినేవాడు వాల్యూమ్ పెంచుతాడు. పెద్దవాళ్లకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత ఇలాంటిచోటే చెరిగిపోతుంది. పులికాట్ సరస్సుకూ చెవికీ ఉన్న విరోధం ఇక్కడే: రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడితే సరస్సుకు చేటు, చెవి ముఖద్వారం పూడకపోతే పాటకు చేటు.

కాబట్టి వివాదంలో తేల్చవలసిన ప్రశ్న ఇది: సందు మూయడానికి అచ్చే కావాలా, రబ్బరు చాలదా? కస్టమ్ పక్షంవారి మొదటి శంక బలంగానే కనబడుతుంది. ఏ ఇద్దరి చెవులూ ఒకటి కావు, ఒకే మనిషి కుడి ఎడమలే ఒకటి కావు, అలాంటప్పుడు మూడు సైజుల్లో లోకమంతా ఎలా ఇముడుతుంది? సమాధానం: నాళమంతటితోనూ రబ్బరుకు పని లేదు. లోపల ఎక్కడో ఒకచోట చుట్టూ ఒక వలయం మూసుకుంటే చాలు, రబ్బరు వంగేది కాబట్టి వలయం కాస్త వంకరైనా సర్దుకుంటుంది. కుడి ఎడమలు వేరైతే కుడికి ఎం, ఎడమకు ఎల్ పెట్టుకోవడాన్ని మూలం ఎక్కడా నిషేధించలేదు. పైగా దవడ ఆడినప్పుడు వంగే రబ్బరు చెవితో పాటు కదులుతుంది. గట్టి ప్లాస్టిక్ అచ్చు తాను తీసిననాటి చెవినే పట్టుకుని కూర్చుంటుంది.

రెండో శంక: పెద్ద పెద్ద కళాకారులంతా కస్టమ్ పెట్టుకుంటారు కదా, వాళ్లకు తెలియదా? తెలుసు, అయితే వాళ్లకు తెలిసింది వాళ్ల అవసరం. ఇక్కడ కాలక్రమం చూడాలి. వినికిడి శాస్త్రవేత్త మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ సంస్థ ఇ.ఆర్-4 అనే ఇయర్‌ఫోన్‌ను 1991లో తెచ్చింది. అది యూనివర్సలే. మూడంచెల రబ్బరుతో చెవిలో లోతుగా దిగి, బయటి చప్పుడును గట్టిగా ఆపి, ఉన్న శబ్దాన్ని ఉన్నట్టు వినిపించడమే దాని పని. ఆ తర్వాత 1995 ప్రాంతంలో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజినీరు, రాక్ బృందపు డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం చెవి అచ్చుతో ఇయర్‌ఫోన్ చేశాడు. అల్టిమేట్ ఇయర్స్ సంస్థ పుట్టుక అదే. డ్రమ్మర్ అవసరం వేరు. వేదిక దద్దరిల్లుతుంటుంది, చెమట కారుతుంటుంది, తల ఊగుతుంటుంది, గంటల తరబడి అది ఊడిరాకూడదు. ఆ అచ్చు పుట్టింది ఆ కష్టానికి. పాటను ఉన్నది ఉన్నట్టు వినడమన్నది దానికంటే ముందే రబ్బరుతో సాధ్యమైంది. సూళ్లూరుపేట లోకల్‌లో కిటికీ సీటు దొరికినవాడు డ్రమ్ములు వాయించడు. 

కస్టమ్‌కు న్యాయంగా దక్కవలసినది ఒకటుంది, దాన్ని ఇవ్వక తప్పదు. అచ్చు ప్రతిసారీ ఒకే లోతున, ఒకే కోణంలో కూర్చుంటుంది. లోతు మారితే నాళంలో మిగిలిన గాలి పొడవు మారి పై స్థాయి శబ్దాల రంగు మారుతుంది. ఒకరోజు వీణ మీటు మెత్తగా, మరొకరోజు గుచ్చుకుంటున్నట్టుగా వినబడటానికి కారణం చాలాసార్లు ఇదే. రబ్బరు వాడేవాడు దీన్ని చేతి అలవాటుతో సాధించాలి: పై చెవిని ఒక చేత్తో కాస్త వెనక్కీ పైకీ లాగి, రెండో చేత్తో దించి, వేలితో మెల్లగా నొక్కి చూడాలి. నొక్కగానే మృదంగం ఒక్కసారిగా బరువెక్కిందా, అంతదాకా సందు ఉన్నట్టే, సైజు మార్చాలి. ఈ పరీక్షకు ఖర్చు లేదు. కస్టమ్‌కైతే కొనకముందు తన చెవి అచ్చుతో వినే వీలుండదు, కొన్నాక ఉన్నదున్నట్టు ఇంకొకరికి అమ్మే వీలుండదు, ఒళ్లు పెరిగినా తగ్గినా చెవి మారి మళ్లీ అచ్చు తీయించవలసి రావచ్చు. బయటి రొదను యంత్రమే రద్దు చేసే బ్లూటూత్ ఇయర్‌బడ్లు వచ్చాక ఈ గొడవంతా పాతబడిందనేవారూ ఉన్నారు. ఆ యంత్రం బాగా రద్దు చేసేది కింది స్థాయి రొదనే. సందు ఉంటే దాని బలమూ తగ్గుతుంది. కనుక మూలవాక్యం వాళ్లకూ వర్తిస్తుంది. పట్టాలు దాటేటప్పుడు అన్నిటినీ తీసేయాలన్నది మాత్రం టీక అక్కర్లేని వాక్యం.

సిద్ధాంతము. వినేవాడికి యూనివర్సలే ప్రధానం, అచ్చు అపవాదం. ఏ సైజు రబ్బరూ, స్పాంజీ కూడా నిలవని చెవులు కొన్ని ఉంటాయి. రెండు గంటల ప్రయాణం ముగిసేసరికి లోపల పుండులా సలిపే చెవులూ ఉంటాయి. అలాంటివారు కూడా పూర్తి కస్టమ్ కొననక్కర్లేదు. వినికిడి యంత్రాలకు అచ్చులు తీసేవారి దగ్గర, ఉన్న ఇయర్‌ఫోన్‌కే తొడుక్కునే మెత్తని సిలికాన్ మోల్డ్ చేస్తారేమో అడగాలి. ఇయర్‌ఫోన్ మారినా, కొత్తదాని మొన ఆ మోల్డ్‌లో ఇమిడితే అది వృథా పోకపోవచ్చు. అచ్చు తీసేముందు కర్ణభేరి కాపుదలకు లోపల స్పాంజి అడ్డు పెట్టారా, నాళం రెండో వంపు దాటేదాకా అచ్చు పదార్థం పోశారా అన్నవి చూసుకోవాలి. రైల్లో పల్లీలు నమిలే అలవాటున్నవారు దవడ కాస్త తెరిచి ఉంచి అచ్చు తీయమని చెప్పాలి.