అమావాస్యకు అవిసెలు, పౌర్ణమికి నువ్వులు

ఆ గింజల డబ్బా మా లాల్‌దర్వాజా గల్లీ దాకా వచ్చేసింది. జూబ్లీహిల్స్‌లో పుట్టిన ఏ ముచ్చటైనా మూసీ దాటడానికి రెండు మూడేళ్లు పట్టేది. ఇది వాట్సాప్ ఎక్కి ఆర్నెల్లలో దాటింది. సగం గులాబీ, సగం పసుపు. నెలసరి మొదలైన నాటి నుంచి 14 రోజులు అవిసెలు, గుమ్మడి గింజలు. తర్వాతి 14 రోజులు నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు. రోజుకో చెంచా మింగితే హార్మోన్లు బుద్ధిగా వరసలో నిలబడతాయట. ధర మాత్రం చెప్పను, బేగంబజార్ కిరాణా వాళ్ల గుండె ఆగుతుంది.

ఆడవాళ్లందరికీ సరిగ్గా 28వ రోజే నెలసరి వస్తుందని ఈ లెక్క కట్టిన పుణ్యాత్ములకు ఎవరు చెప్పారో! 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలేనని ఏ నర్సమ్మనడిగినా చెబుతుంది. సరిగ్గా వచ్చేవాళ్లకు డబ్బాతో పనిలేదు. సరిగ్గా రానివాళ్లకు నెల సగం ఎప్పుడో తెలియదు. మరెలా? దానికీ ఉపాయముంది, చంద్రుణ్ని చూసుకోవాలి. అమావాస్య నుంచి అవిసెలు, పౌర్ణమి నుంచి నువ్వులు.

చంద్రుడి సంగతి పాతబస్తీకి చెబుతున్నారా! రంజాన్ నెలవంక కోసం రుయత్-ఎ-హిలాల్ కమిటీ పెద్దలు కూర్చుని, చూసినవాళ్ల సాక్ష్యం విచారించి, మబ్బు పట్టి ఎక్కడా కనబడకపోతే 30 రోజులు నిండనిచ్చి మరీ ప్రకటిస్తారు. ఇక మా అండాశయాలకూ ఒక కమిటీ వేయాలి. ‘నెలవంక కనబడలేదు, ఈ రాత్రికి కూడా పొద్దుతిరుగుడు గింజలే’ అని గల్లీ గల్లీకీ మైకులో చెప్పించాలి.

మా అత్తయ్య బాధ వేరు. అమావాస్య నాటి నువ్వులు పితృదేవతలవి కదా, పౌర్ణమికి ఎవరు మార్చారని నిలదీసింది. “మామయ్యగారికి అమావాస్యకే అత్తయ్యా, నాకు పౌర్ణమికి” అని సర్దిచెప్పాను. అసలు ఈ నువ్వులు మనం ఎరగనివా? పిల్ల పెద్దమనిషైతే చిమ్మిలి దంచి నోట్లో కుక్కిన చేతులే, ఆ తర్వాత ‘నువ్వులు వేడి, ముట్టు ముందే వచ్చి పండగ పాడవుతుంది’ అని ఆ నువ్వుల డబ్బానే అటక మీద దాచాయి. ఇప్పుడవే సైన్సు చొక్కా తొడుక్కుని జిప్పు కవరులో తిరిగొచ్చాయి. అవిసెల్లో లిగ్నాన్లనే మొక్కల పదార్థాలున్న మాట నిజమే. చెంచాడు అవిసెలతో నెల గడియారం దారికొస్తుందనడానికి మాత్రం చిన్నాచితకా పరీక్షలే తప్ప గట్టి రుజువు లేదు. గింజలు మంచి తిండి. పచ్చడిలో వేసుకోండి.

చార్మినార్ పక్కనే నిజామియా యునానీ దవాఖానా ఉంది. యునానీ చదువులో ‘అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా’ అని ఆరోగ్యాన్ని నడిపే ఆరు సంగతులు చెబుతారు. మొదటిది గాలి. ఆ తర్వాతే తిండీ నీళ్లూ, ఒంటి కదలిక, మనసు కదలిక, నిద్ర, విసర్జన. పాతకాలపు హకీములకు ముందు గాలి గుర్తొచ్చింది. ఇప్పటి లైఫ్‌స్టైల్ కోచ్‌లకు నేరుగా గింజ కనబడింది.

గాలంటే మా వెనక గల్లీ ఆపా గుర్తొస్తుంది. లాడ్‌బజార్ లక్కగాజులకు ఇంట్లోనే రాళ్లు అతుకుతుంది. కిటికీ లేని ఒకే గది, నిండా జిగురు వాసన. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆపాకు ఇంకా ఏ గుర్తింపూ రాలేదు. ఆమెకు నెలనెలా తొమ్మిది పది రోజులు పోతుంది. మెట్లెక్కితే ఆయాసం. ఓ ప్రైవేటు క్లినిక్కుకు వెళ్తే హీమోగ్లోబిన్ 7.2 అని తేల్చి, రంగుల కాగితం ఒకటి చేతిలో పెట్టి, ఆ డబ్బా కూడా అంటగట్టారు. నానబెట్టిన బాదం, అవకాడో, ఎనిమిది గంటల నిద్ర, ఒత్తిడి తగ్గించుకోవాలి. “అవకాడో అంటే ఏందమ్మా, మీరాలం మండీల దొరుకుతదా?” అని అడిగింది. ఆమె వేళ్ల జిగురు కాగితానికీ అంటింది. ‘ఒత్తిడి’ అన్న మాట పక్కన గాజు మీద ఉండాల్సిన ఎర్రరాయి ఒకటి అతుక్కుని మెరుస్తోంది.

ఇక్కడి నుంచి నాకు వెటకారం రావడం లేదు. గడ్డలు గడ్డలుగా నెత్తురు పోతున్న మనిషికి స్కాన్ రాయలేదు, థైరాయిడ్ చూడలేదు, ఐరన్ మాత్ర ఇవ్వలేదు. అలవాట్లు మార్చుకొమ్మన్నారు. ఏ అలవాటు? పిల్లలు తిన్నాక గిన్నెలో మిగిలింది తుడుచుకు తినడమా? మధ్యాహ్నం అన్నం బదులు ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ ఆకలిని చంపుతుంది కాబట్టి తాగుతుంది. ఆ చాయే తిండిలోని ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. ఐరన్ మాత్రకూ చాయ్‌కీ మధ్య గంటైనా ఎడం ఉండాలన్న ఒక్క ముక్క ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ మాటకు పైసలు రావు కదా.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాడికి 19 చాలు. మన ఇళ్లల్లో మటన్ ముక్కలు సరిగ్గా తలకిందులుగా వడ్డిస్తాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఇంతమంది ఒక్కసారిగా జీవనశైలి తప్పారా? ఆపాకున్నది జీవనం. శైలి ఎక్కడిది?

గింజ పనిచేయకపోతే తర్వాత కత్తి. ‘పిల్లలు పుట్టారుగా, సంచి తీయించేసుకో.’ అదే సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆ వయసు ఆడవాళ్లు దేశమంతటా నూటికి 3 పైచిలుకైతే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 8 పైనే. గింజకూ కత్తికీ మధ్య వైద్యమనేది ఒకటుంది.

పీసీఓఎస్ ఉండి బరువెక్కువైన పిల్లలు 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి దారిన పడవచ్చు, కాదనను. నడవమనండి. షాలిబండ నుంచి చార్మినార్ దాకా ఒంటరిగా నడిచే పిల్లను ‘ఎక్కడికి’ అని ఎంతమంది అడుగుతారో కూడా లెక్కపెట్టండి. బోనాలకు ముందు చీటీ లేకుండా అమ్ముడుపోయే ‘నెలసరి వాయిదా మాత్ర’ గురించి హార్మోన్ భక్తులు ఒక్కరూ నోరెత్తరు. అది నికార్సైన హార్మోనే.

ఆపాను సర్కారు దవాఖానాకు తీసుకెళ్లాను. పొద్దంతా లైన్లోనే, ఆ రోజు కూలి పోయింది. స్కాన్‌లో ఫైబ్రాయిడ్లు కనబడ్డాయి, ఐరన్ మాత్రలిచ్చారు. వచ్చేటప్పుడు మక్కా మసీదు దగ్గర ఆటో ఆపించి, సంచీలోంచి ఆ డబ్బా తీసి పావురాలకు పోసింది ఆపా. అవి చంద్రుణ్ని చూడకుండానే నాలుగు రకాలూ కలిపి తినేశాయి.