పాత గోడ పద్యానికి ప్రొక్లైనరీ వ్యాఖ్య

అవతారిక

గోదావరిఖని చౌరస్తా దాటి లోపలికి వెళ్లే ఒక వీధిలో, కూల్చివేతకు గుర్తు పెట్టిన పాత గోడ మీద, ఆ గుర్తు పక్కనే బొగ్గు ముక్కతో రాసిన ఆటవెలది ఒకటి కనబడింది. కవి పేరు లేదు. సంతకం ఉండవలసిన చోట సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసేవారి ఫోన్ నంబరు ఉంది. ఆ నంబరు వారికి కవిత్వంతో సంబంధం లేదని విచారణలో తేలింది. గోడ రేపో మాపో పోయేది కనుక వ్యాఖ్య వెంటనే చెప్పక తప్పదు. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు టీక రాశాడు. ఆయన ముందున్న కావ్యాల మీదికి ప్రొక్లైనరు రాలేదు కాబట్టి ఆ నిగ్రహం చెల్లింది. మా టీక పేరు 'ప్రొక్లైనరి'. ఇది అక్కరలేనిది కూడా చెబుతుంది.

మూలం

పాత గోడ కూల్చి భవనంబు గట్టగా
నేల కింద నున్న నెలవు జూడ
బొగ్గు దీయ మిగిలె బోలైన గనిదారి
లిఫ్టు గలదు లోను లేక గాదు

ఈ టీకకు పూర్వపక్షి ఒక పెద్దాయన. కోల్‌ఫిల్లరుగా తట్టాచెమ్మస్‌తో బొగ్గుబాయిలో పని చేసి కొలువు దిగిపోయినవాడు. ఎదురింటి అరుగు మీద కూర్చుని మేము ఒక్కో పదం విప్పుతుంటే అడ్డం తగిలాడు. శాస్త్ర గౌరవం కోసం ఆయన మాటలను యథాతథంగా చేర్చాము.

వ్యాఖ్య

పాత = ప్రాచీనమైన. ఎంత ప్రాచీనం? ఇల్లందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. గోదావరిఖనిలో బాయిలు తెరిచింది 1960ల మొదట్లో. కనుక ఈ ఊళ్లో ఆదికావ్యం వయసు అరవై చిల్లర. 1971లో మొదలైన రామగుండం బి-థర్మల్, 62.5 మెగావాట్లది, 2024లో మూతపడింది. అదీ ఇక్కడ పురాతనమే. హైదరాబాదు వాడు వచ్చి ఇవేం పాతవని నవ్వవచ్చు. పాత అనేది ఏళ్ల లెక్క కాదు, మొదట ఎన్నాళ్లకని కట్టారన్న లెక్క. ఈ రహస్యం తరువాతి పదంలో ఉంది.

గోడ = కుడ్యము. అన్ని కుడ్యములు సమానం కావు. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997లో ఒక సాంకేతిక సర్క్యులర్ ఇచ్చింది, దాని సంఖ్య 7. బాంబు పెట్టి రాయి పగలగొట్టేటప్పుడు చుట్టుపక్కల ఇళ్లు ఎంతవరకు అదరవచ్చో అందులో పట్టిక ఉంది. మాకు తెలిసిన అలంకార గ్రంథాలన్నిటిలోనూ ఇది గొప్పది. అదురు 8 హెర్ట్జ్‌లోపు ఉన్నప్పుడు చారిత్రక కట్టడానికి సెకనుకు 2 మిల్లీమీటర్ల వేగం దాటకూడదు. గని యజమానివి కాని ఇళ్లకు 5. యజమాని సొంత ఇళ్లకు 10. అంటే పక్క ఊరి రైతు ఇంటి గోడ ఒక పాలు అదిరితే, కంపెనీ క్వార్టరు గోడ రెండు పాళ్లు అదరవచ్చు. ఎందుకు? కారణం ఆ పట్టికలోనే, యజమాని ఇళ్ల వరుస మీద రాసి ఉంది: అవి పరిమిత ఆయుష్షు గల కట్టడాలట.

ఇక్కడ పాఠకుడు కాసేపు ఆగాలి. ఏ ఊళ్లోనైనా ఇల్లు కట్టేవాడు శంకుస్థాపన నాడు ఆచంద్రార్కం నిలవాలని కొబ్బరికాయ కొడతాడు. బొగ్గు ఊళ్లో ఇల్లు పుట్టిన నాడే జాతకం రాసి పెట్టారు. బాయి ఎన్నేళ్లో క్వార్టరు అన్నేళ్లు. బొగ్గు అయిపోతే జనం లేచిపోతారు, గోడలు ఎవరికి కావాలి? ఇల్లందులో, బెల్లంపల్లిలో బాయిలు మూతపడి క్వార్టర్లు ఖాళీ అయిన వరుసలు చూసినవారికి ఈ లెక్క కొత్త కాదు. ఖనిలో మాత్రం లెక్క తప్పింది. పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడే చదివారు, చౌరస్తా చుట్టూ దుకాణాలు లేచాయి, 2009లో రామగుండం మున్సిపల్ కార్పొరేషన్ కూడా అయింది. బాయికి ఆయుష్షు తీరుతోంది, ఊరికి తీరడం లేదు. పద్యంలోని దుఃఖమంతా, అది దుఃఖమే అయితే, ఈ పొంతన లేనితనం నుంచి పుట్టింది.

పూర్వపక్షి: "పంతులూ, గోడ అదురుడు గురించి నువ్వు కాగితం చూసి చెప్తున్నవ్. ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ అయిందంటె మా ఇంట్ల గంజులన్ని గలగలమంటయ్. గది పదా, అయిదా అని గంజుకేం ఎరుక?"

ఈ శంకకు సమాధానం లేదు. ముందుకు పోదాము.

కూల్చి = క్త్వార్థకము. దీనికి వ్యాకరణంలో కఠినమైన నియమం ఉంది. ముందు పని చేసినవాడు, తరువాతి పని చేసినవాడు ఒక్కడే కావాలి. 'రాముడు తిని లక్ష్మణుడు పడుకొనెను' అంటే బడిలో బెత్తం దెబ్బ పడుతుంది. మరి ఇక్కడ కూల్చేది ఎవరు? శిథిలావస్థ అని నోటీసు ఇచ్చే కార్పొరేషను వారు, లేదా తమ ఖాళీ క్వార్టర్లు తామే తీసేసుకునే కంపెనీ వారు. కట్టేది ఎవరు? బిల్డరు. కర్తలు వేరు కనుక పద్యంలో దోషం ఉన్నట్టే. కొందరు వ్యాఖ్యాతలు డెవలప్‌మెంటు అగ్రిమెంటు చూపించి దోషపరిహారం చేస్తారు. స్థలం యజమానిది, ఖర్చు బిల్డరుది, ఫ్లాట్లు చెరిసగం. అప్పుడు ఇద్దరూ ఒక కర్తే అవుతారని వారి వాదం. ఇది సమాసంలా కనిపించే తగాదా అని మా అభిప్రాయం. వాటాలు పంచుకునే నాడు విగ్రహవాక్యం కోర్టులో చెబుతారు.

భవనంబు = అపార్ట్‌మెంటు. 'అపార్ట్‌మెంటు' అన్న మాట ఈ పాదంలో గణాలకు లొంగలేదు కనుక కవి భవనంబు అన్నాడు. కట్టగా కొనేదెవరు? ఇక్కడి బొగ్గు కంపెనీ సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవారు. ఇప్పుడు సుమారు 40 వేలు. జనం తగ్గినప్పుడు మేడలు పెరగడమేమిటి? తగ్గింది మస్టరు పడేవారు మాత్రమే. దిగిపోయినవారు ఊరు విడిచిపోలేదు. కొలువున్నంత కాలమే క్వార్టరు. దిగిపోయిన నాడు తాళంచెవి అప్పగించాలి. అప్పగించాక పుట్టిన ఊరికి పోవాలంటే అక్కడి ఇల్లు అన్నదమ్ముల పాలైంది, ఇక్కడ దవాఖాన దగ్గర, బిడ్డ ఇల్లు దగ్గర. కనుక జీవితమంతా కంపెనీ కప్పు కింద ఉన్నవాడు అరవై దాటాక మొదటిసారి ఇల్లు వెతుక్కుంటాడు. చౌరస్తా దగ్గర పాత కట్టడాలు నేలమట్టమవుతున్నాయంటే గిరాకీ ఇతనిదే.

నేల కింద నున్న నెలవు = భూమి లోపలి నివాసము. వ్యాఖ్యానానికి ఇది ప్రాణస్థానం. బొగ్గును బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో తీస్తారు. అడ్డంగా, నిలువుగా దారులు తొలుచుకుంటూ పోతే మధ్యలో చదరపు దిమ్మెలు మిగులుతాయి. అవే పిల్లర్లు. మేస్త్రీ పిల్లరు వేస్తాడు, బాయిలో పిల్లరు వదిలేస్తారు. పేరు ఒకటే, పుట్టుక వేరు. ఆ తరువాత ఆ దిమ్మెలను కూడా కోసుకుంటూ వెనక్కి రావడం డీపిల్లరింగ్.

పూర్వపక్షి ఇక్కడ లేచి నిలబడ్డాడు. "కూల్చుడు మాకు నేర్పుతవా? పిల్లర్ దీస్కుంట ఎనక్కి వచ్చుడు, మనం బయటపడినంక కప్పు దానంతటదే పడుడు. ప్రొక్లైనరోడు ముంగటికి పోయి కూలగొడ్తడు, మేము ఎన్కకు వచ్చి కూలగొడ్తం. ఏది కష్టమో నువ్వే చెప్పు పంతులూ."

వెనకడుగుతో కూల్చడమే ఉత్తమకావ్యమని ఒప్పుకున్నాము.

అయితే ఊరి కింద ఇష్టం వచ్చినట్టు కప్పు పడనివ్వరు. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు రైలు పట్టాలకు, రోడ్లకు, యజమానివి కాని భవనాలకు 45 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వరాదన్నాయి. ఇక్కడ కూడా 'యజమానివి కాని' అన్న విశేషణం ఉండటం గమనించదగినది. ఖాళీ పడిన చోట కూరేందుకు గోదావరి ఇసుక నీళ్లతో కలిపి గొట్టాల గుండా కిందికి పంపేవారు, అదే స్టోయింగ్. ఇప్పుడు స్లాబులకు కూడా ఆ నది ఇసుకే కావాలి. ఊరు కుంగకుండా కొంత గోదావరి కిందికి, ఊరు లేవడానికి కొంత గోదావరి పైకి. నది మాత్రం రెండుసార్లూ బిల్లు పెట్టలేదు.

బోలైన నేల బెడద మనకే కాదు. జర్మనీలో రూర్ సీమ వారు 2018 డిసెంబరులో చివరి రాతిబొగ్గు గని మూసివేశారు. అయినా పాత గనుల్లో, కుంగిన నేలల్లో చేరే నీటిని తోడిపోసే పని ఆపడానికి లేదు. తోడడం మానితే కుంగిన పట్టణాలు మునుగుతాయి. దాన్ని వారు శాశ్వతకాలపు బాధ్యత కింద రాసుకుని, దానికి డబ్బు వేరే పెట్టారు. మనవారు ఇంటికి పరిమితాయుష్షు రాశారు, వారు నీళ్ల పంపుకు చిరాయుష్షు రాశారు. రెండూ బొగ్గు కింద పుట్టిన వేదాంతాలే.

బోలైన గనిదారి. ఈ పాదం సులభం.

లిఫ్టు గలదు = బ్రోచరులోని వాక్యము. దీని ముందు వెనుకల 'వాస్తు ప్రకారం', 'కారు పార్కింగు' అనేవి అధ్యాహార్యములు. ఊర్ధ్వగతి మోక్షసూచకమని సంప్రదాయార్థం. ఫ్లాటు మూడో అంతస్తులో తీసుకోమని కొడుకు తండ్రికి చెబుతున్న సందర్భంగా దీన్ని అన్వయించుకోవాలి.

"లిఫ్టంటె మాకు కిందికి దిగేదే," అన్నాడు పూర్వపక్షి. "చైర్‌లిఫ్టు వచ్చేదాంక గా దిగుడు గూడ నడకనే. షిఫ్టు మొత్తం పనిజేసి మళ్ల ఎక్కాలె. గిప్పుడు మా పిల్లగాడు నాయినా, మోకాళ్లు నొస్తున్నయ్ గదా, లిఫ్టున్నది అంటడు. గీ మోకాళ్లు యాడ పోయినయో వానికి తెల్వదా?"

వ్యాఖ్యాతకు తెలిసినా చెప్పలేదు.

లోను లేక గాదు = బ్యాంకు రుణము లేనిదే జరుగదు. ఇది పైకి తేలికగా కనిపించే పాదం, లోపల బోలు ఎక్కువ. సింగరేణి ఉద్యోగికి 10 లక్షల వరకు గృహరుణం మీద వడ్డీ కంపెనీ భరించే పథకం ఉంది. కొలువులో ఉన్నవాడికి ఇది వరం. కాని రుణం ఇచ్చే బ్యాంకు వాడు ముందుగా అడిగేది జీతం చీటీ కాదు, భూమి కాగితం. బొగ్గు ఊళ్లో చిక్కంతా అక్కడే. చాలా చోట్ల నేల కంపెనీకి బొగ్గు కోసం ఇచ్చింది. ఆ కంపెనీలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఈ రెండు ప్రభుత్వాల నేల మీద మూడోవాడు రేకులు వేసి, గోడలు లేపి, నోటరీ కాగితం మీద నాలుగోవాడికి అమ్మాడు. కంపెనీ అక్కరలేదని సర్కారుకు తిరిగి ఇచ్చిన నేలల్లో ఇళ్లు కట్టుకున్నవారికి హక్కు ఇచ్చేందుకు జీవో 76 వచ్చింది. జీవో నంబరు ఖనిలో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. ఈ టీక సంఖ్యాశాస్త్రం మీద కాదు గాని, ఒక ఊరి జనం ఒక జీవో నంబరును ఇంటి పేరులా వాడుకోవడం వేరే చోట చూడలేదు.

ఇక అపార్ట్‌మెంటులో కొన్నవాడికి నేలలో అవిభక్త వాటా వస్తుంది. పై నేలలో ఇన్ని గజాలు అని రాస్తారు. ఆ గజాల అడుగున ఉన్న బొగ్గు ఎవరిది, బొగ్గు పోయాక మిగిలిన ఖాళీ ఎవరిది అని కాగితంలో ఉండదు. 'లోను లేక గాదు' అన్న కవి 'కాగితం లేక గాదు' అని ఎందుకు అనలేదో ఆలోచించాము. యతి కుదరదు. అంతకన్నా పెద్ద కారణం మాకు దొరకలేదు.

అలంకారము: విరోధాభాస అని కొందరు. కింద బోలు, పైన బరువు, రెండూ నిలిచి ఉండటం చేత. విరోధం నిజమే గాని ఆభాస కాదని మా మతం. స్వభావోక్తి అంటే సరిపోతుంది.

పాఠాంతరము: అదే వీధి చివర మరో గోడ మీద చివరి పాదం 'లిఫ్టు గలదు లైటు లేక గాదు' అని ఉంది. గణాలు, యతి చక్కగానే ఉన్నాయి. అర్థం మాత్రం పొసగదని తోసిపుచ్చబోయాము. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ పొగగొట్టాలు డాబా ఎక్కితే కనబడే ఊళ్లో లైటు లేకపోవడమేమిటి?

పూర్వపక్షి ఒప్పుకోలేదు. "కరెంటు పోతదని గాదు పంతులూ రాసింది. క్వార్టర్ల ఉన్నన్ని రోజులు కరెంటు కంపెనీదే. మీటరు దిక్కు ఎన్నడు చూడలే. గిప్పుడు ఫ్లాటుకు మీటరు, లిఫ్టుకు మీటరు, మోటరుకు మీటరు. ప్రతి నెల మెయింటెనెన్స్ అని ఒగాయన రశీదు పట్టుకొని వస్తడు. గది కట్టకుంటె లిఫ్టు ఆపుతరట. వాడెవడో తెలిసే రాసిండు."

ఈ పాఠము కూడ గ్రాహ్యమే.