గడ్డి మీద నిద్రకు గది అద్దె

నాలుగు గోడలు, పైకప్పు, పంకా ఉన్న ఇంటికి నెలనెలా వాయిదా కడుతున్న నగరవాసి, ఆ మూడూ లేనిచోట ఒక రాత్రి గడపడానికి వేరుగా రుసుము చెల్లించే ఆచారానికి క్యాంపింగ్ అని పేరు. గండికోటలో పెన్నా లోయ అంచున, వికారాబాదు దగ్గర అనంతగిరి అడవుల్లో ఇప్పటికే వేళ్ళూనిన ఈ ఆచారానికి ఒక ఉన్నత శాఖ ఉన్నదనీ, కొండ, జలపాతం, సరస్సు వంటి ప్రలోభాలేవీ లేని మారుమూల గడ్డిమైదానంలో గుడారం వేయడమే ఆ శాఖకు పరాకాష్ఠ అనీ దాని ఉపాసకులు బోధిస్తారు. అక్కడ చూడదగినది ఏమీ ఉండదు గనుక, ఆ ఏమీ లేకపోవడానికే ధర ఎక్కువ. మాచర్ల, గురజాల ప్రాంతాల బీళ్ళను కారు అద్దంలోంచి చూసి 'ఎంత ఖాళీ జాగా' అని నిట్టూర్చే వారికి ఈ సిద్ధాంతాన్ని పల్నాడుకు వర్తింపజేయాలన్న ఉత్సాహం కలగడంలో వింత లేదు.

ఈ మతానికి మూలపీఠం ఉత్తర అమెరికాలోని ప్రెయిరీ, అంటే చెట్లు అరుదుగా, గడ్డి దిగంతం దాకా ఉండే మైదానభూమి. కెనడాలోని సస్కాచువాన్‌లో ఉన్న గ్రాస్‌ల్యాండ్స్ జాతీయ ఉద్యానవనంలో గుడారం వేసుకున్నవారు నక్షత్రాలనూ, దూరాన మేసే బైసన్ అనే అడవిదున్నలనూ చూసి, సృష్టి మొదటిరోజు ఇలాగే ఉండేదేమోనని పరవశిస్తారు. అయితే 19వ శతాబ్దపు వేటలో ఆ మైదానాల నుంచి బైసన్ తుడిచిపెట్టుకుపోయిందనీ, ఇప్పుడు కనిపించేవి 2005లో వేరేచోటినుంచి తెచ్చి వదిలిన మంద సంతతి అనీ, దున్నలను నమ్ముకుని బతికిన మూలవాసులను రిజర్వులనే హద్దుల్లోకి నెట్టారనీ ఆ పరవశంలో గుర్తుకు రాదు. అమెరికా సైన్యాన్ని తప్పించుకుని 1877లో ఆ ప్రాంతానికి శరణు వచ్చిన సిట్టింగ్ బుల్ కూడా, వేటాడడానికి దున్న దొరకక, తనవారికి తిండి పెట్టలేక 1881లో వెనక్కి వెళ్ళి లొంగిపోయాడు. ఒక మైదానాన్ని ఇంత ఖాళీగా తయారు చేయడానికి పట్టిన శ్రమను ప్రచారపత్రాలు వినయం కొద్దీ చెప్పుకోవు.

పల్నాడు నేల ఈ సిద్ధాంతానికి మొదటినుంచీ సహకరించదు. పలకలుగా లేచే సున్నపురాయిని ఇక్కడ నాపరాయి అంటారు. పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నంగా కాలేది ఈ ప్రాంతపు సున్నపురాయే. పైమట్టి పలచగా ఉన్నచోట్ల గుడారపు మేకును సుత్తితో కొడితే నేలలోకి దిగేది మేకు కాదు, కొట్టినవాడి ఉత్సాహం. వేసవి వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు 45 డిగ్రీలు దాటిన అంకెతో జంటగా వినిపించడం మామూలు గనుక, ఆ నెలల్లో నైలాను గుడారంలో పడుకున్నవారికి ఆత్మజ్ఞానం కంటే ముందు వడదెబ్బ ప్రాప్తిస్తుంది. చలికాలాన్ని ఎంచుకున్నవారికి పల్లేరుకాయలు, రేగుముళ్ళు, వాటి మధ్య రక్తపింజర సిద్ధంగా ఉంటాయి. ఈ రాళ్ళను, జొన్నకూడును, నీటి కరవును శ్రీనాథుడు చాటుపద్యాల్లో వెక్కిరించాడని ప్రతీతి. అవే రాళ్ళను, అదే జొన్నసంకటిని అనుభూతి అనే పద్దు కింద రాసి వచ్చినవారి దగ్గర రుసుము వసూలు చేసే విద్య తెలిసి ఉంటే, కవిసార్వభౌముడు చివరి రోజుల్లో బొడ్డుపల్లె గుత్త సొమ్ము కట్టలేక అన్ని అగచాట్లు పడేవాడు కాడేమో.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆ ఖాళీ జాగా ఖాళీగా లేకపోవడం. తెల్లని ఒంటిమీద పెద్ద మచ్చలతో ఉండి, ప్రత్యేక జాతిగా జాతీయ నమోదు పొందిన మాచర్ల గొర్రె ఈ బీళ్ళలోనే మేస్తుంది. దానివెంట గొంగడి, కర్ర, కుక్క, నీళ్ళ సీసాతో నడిచే కాపరి ఏడాదిలో ఎన్నో రాత్రులు ఆకాశం కిందనే పడుకుంటాడు. కోతలయ్యాక రైతులు అతన్ని పిలిచి పొలంలో మంద కట్టిస్తారు, అంటే రాత్రిపూట జీవాలను ఒకచోట నిలిపి, వాటి పెంటతో, మూత్రంతో నేలకు సత్తువ చేకూర్చుకుంటారు. ఇందుకు వంద జీవాలకు రాత్రికి ఇంత అని సొమ్మో, గింజలో ముడతాయి, కాపరికి కూడు కూడా దొరుకుతుంది. ఆరుబయట పడుకున్నందుకు డబ్బు పుచ్చుకునే వ్యక్తి ఎదురుగా ఉండగా, అదే పనికి డబ్బు ఇచ్చి, పైగా తానే ప్రకృతికి దగ్గరయ్యానని చెప్పుకునే వ్యక్తిని అర్థశాస్త్రం ఏ అధ్యాయంలో చేర్చాలో పండితులు తేల్చవలసి ఉంది.

గడ్డిని ఖాళీగా చూడడం ఈ విహారుల సొంత ఆవిష్కరణ కాదన్న మాట కూడా ఒప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వం హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి వెలువరించే వేస్ట్‌ల్యాండ్ అట్లాస్, అంటే బంజరు భూముల పటసంపుటి, పొదల బీళ్ళనూ క్షీణించిన పచ్చికబయళ్ళనూ వృథాభూమి పద్దులోనే చూపుతుంది. ఉపగ్రహానికి గడ్డి కనిపించినంత తేలికగా దాన్ని మేసే జీవం కనిపించదు. అంతకుముందు 1882 మద్రాసు అటవీ చట్టం అడవులను రిజర్వు చేసి, పశువును మేపుకోవడానికి పుల్లరి అనే మేతపన్ను కట్టమంది. దాన్ని కట్టబోమని 1921లో పల్నాడు తిరగబడింది. జమాబందీకి, అంటే ఏటేటా శిస్తు లెక్కలు సరిచూడడానికి, డేరాలతో దిగే దొరలకు పాలు, కట్టెలు, కోళ్ళు సమకూర్చడం రివాజుగా ఉన్న ఆ రోజుల్లో, వచ్చిన అధికారులకు తిండి, నీరు, చాకలి, మంగలి అందకుండా గ్రామాలు కట్టుదిట్టం చేశాయి. ఈ ఉద్యమం వల్ల జైలుకెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడే మాలపల్లి నవల రాశారు. ఉద్యమాన్ని ముందుండి నడిపిన మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అంతకంటే పాతకథ కావాలంటే, పల్నాటి యుద్ధవీరులను తలచుకునే కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఒక రోజు మందపోరుకే, అంటే పశువుల మంద దగ్గర జరిగిన పోరుకే, కేటాయించి ఉంది.

ఈ చరిత్ర మీద ఇప్పుడు గుడారపు శిబిరం వెలిస్తే దానికి మొదట కావలసింది కంచె. ఏకాంతం కొనుక్కున్నవాడి ఫోటోలోకి గొర్రె రాకూడదు. వచ్చినా ఒక్కటే, అదీ సాయంకాలపు వెలుగులో రావాలి. కంచె పడ్డాక కాపరి మేతకోసం మరో దారి వెతుక్కుంటాడు, లేదా రాత్రి కాపలాకు, చెత్త ఎత్తడానికి కుదురుకుంటాడు. అప్పుడు ప్రచారపత్రంలో స్థానికులకు ఉపాధి అనే వాక్యం కూడా చేరుతుంది.

కంచె లేకుండా, మందతో కలిసి ఉండే శిబిరాలు పెట్టవచ్చునని మధ్యేవాదులు ప్రతిపాదించవచ్చు. రాత్రంతా గొర్రెల దగ్గులు, నక్కను పసిగట్టిన కుక్క అరుపులు, ఒంటికి పట్టే పెంట వాసన భరించగలిగితే అభ్యంతరం ఉండనక్కరలేదు. కాకపోతే మంద కట్టించుకునే రైతు తెల్లవారి జీవాలను లెక్కించి సొమ్ము ఇచ్చేటప్పుడు, గుడారాల్లో పడుకున్నవారిని ఆ లెక్కలో కలపాలో, తీసివేయాలో కాపరితో ముందే మాట్లాడుకోవలసి ఉంటుంది.