అనంతగిరి సందేశము (టీకాతాత్పర్య సహితము)

అవతారిక

శ్రావణమాసపు వానలు వారము దినములు విడువక కురిసి, హైదరాబాదు నగరమున గాజుగోడల కార్యాలయములలో కూర్చుండువారికి వర్షమనగా దారులను ముంచి వాహనములను నిలిపివేయు ఉపద్రవముగా మాత్రమే అనుభవమునకు వచ్చుచుండగా, శుక్రవారము రాత్రి భోజనానంతరమున గృహస్థుని చిత్తమున, ఎక్కడనో కొండలు పచ్చబడినవనియు, తాను పోయి చూడనిచో ఆ పచ్చదనము వ్యర్థమగుననియు ఒక వ్యాకులత జనించును. ఆ వ్యాకులత పరిపాకమునొంది వాక్యరూపము దాల్చినదే ప్రస్తుత గ్రంథము. కర్త మా పెద్దబావగారు. గ్రంథము వెలసినది మా బంధువర్గపు వాట్సాప్ గ్రూపునందు. గద్యమగుటచే ఛందోవిచారము లేదు గాని, యతి మాత్రము చేవెళ్ల దగ్గరి చాయ్ దుకాణమున పడునని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. రసము శాంతమని కర్త సంకల్పము. అది మొయినాబాదు దాటకమునుపే రౌద్రముగా పరిణమించుట లక్ష్యములందు తఱచు కానవచ్చును.

మూలము

“ఈ ఆదివారం అందరం అనంతగిరి పోదాం. పొద్దున ఆరింటికల్లా బయలుదేరాలి. పులిహోర మీ అక్క చేస్తుంది. సాయంత్రానికి వచ్చేయొచ్చు.”

టీక

ఈ ఆదివారం = రాబోవు ఆదివారమునందు; అందరం = కారులో పట్టువారమెల్లరము. ఇచ్చట సర్వశబ్దమునకు అర్థసంకోచము చెప్పవలెను. కారు ఐదుగురికి, బంధువర్గము అంతకు రెట్టింపునకు. మిగిలినవారు చిన్నబావ కారులో వత్తురని కొందఱి మతము. ఆ మతము చిన్నబావకు సమ్మతమో కాదో గ్రంథమున లేదు.

అనంతగిరి = అనంతగిరియను కొండకు. ఇచ్చట శంక. అనంతగిరులు రెండు గలవు. ఒకటి తూర్పు కనుమలలో, విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవు దారిలో, కాఫీతోటల నడుమ, బొఱ్ఱాగుహలకు చేరువనున్నది. రెండవది వికారాబాదు చెంత, నగరమునకు పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్నది. వీనిలో ఏది వివక్షితమని అడిగినచో, ఉపక్రమమున సందిగ్ధమైనది ఉపసంహారముచే తీరునని మీమాంసకులు చెప్పియున్నారు గదా. “సాయంత్రానికి వచ్చేయొచ్చు” అను ఉపసంహారము విశాఖ వైపు అనంతగిరికి పొసగదు. కావున వికారాబాదు అనంతగిరియే సిద్ధాంతము.

అట్లైనను, ఇంత దూరమేల, గండిపేట చాలదా యని పూర్వపక్షి మరల లేచును. ఒకనాడు చాలియుండెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలను పురస్కరించుకొని మూసీపై గండిపేట చెఱువనబడు ఉస్మాన్‌సాగరును 1920లోను, ఈసీనదిపై హిమాయత్‌సాగరును 1927లోను కట్టి ముగించిరి. వఱదను ఆపుటకు పుట్టిన ఆ కట్టలు నగరమునకు త్రాగునీటిని, ఆదివారములకు గమ్యమును, గండిపేట నీళ్లు త్రాగినవాడు నగరమును విడిచి పోజాలడను సామెతను కూడ ప్రసాదించినవి. మా తాతల నాడు టిఫిను క్యారియరుతో గండిపేట కట్టపై ఒక పూట కూర్చుండి వచ్చినవానిని దేశాటనము చేసివచ్చినవానివలె చూచెడివారట. ఇప్పుడు నగరమే అచ్చటికి తరలిపోయినది. ఆ జలాశయముల చుట్టు 84 గ్రామములలో కట్టడములను అదుపుచేయుచు 1996లో వెలువడిన 111వ జీవో ఆంక్షలను 2022లో ఎత్తివేసిరి. ఇంటి ముంగిటికి వనవిహారము పోవువారెవరు?

నర్సాపురపు అడవి వైపు పోవచ్చునని మరియొక పక్షము. అడవి దాటి ముందుకు పోయినచో కొల్చారము వచ్చును. అదియే మల్లినాథసూరి ఇంటిపేరైన కోలాచలమని పండితులందురు. ఆధారము లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది చెప్పననియు ఆ మహానుభావుడు పట్టిన వ్రతము ఈ టీకాకర్తకు రెండు వాక్యములైనను సాగనందున, ఆ దారిన పోవుటకు మొగము చెల్లలేదు. భువనగిరి ఏకశిలాదుర్గము కర్తగారి మోకాళ్లకు విరుద్ధము.

ఇక అనంతగిరియందు విశేషమేమి? భాగవత దశమస్కంధమున ముచుకుందోపాఖ్యానము కలదు. ముచుకుందుడు దేవతల పక్షమున, దేవతల జయమునకై, ఎన్నో యుగములు రాక్షసులతో పోరాడి, తుదకు వారు వరము కోరుకొమ్మనినప్పుడు రాజ్యమడుగలేదు, ధనమడుగలేదు, నిద్ర మాత్రమే యడిగెను. ఆ నిద్రను చెఱచినవాడు భస్మమగుగాక యను రక్షను కూడ సంపాదించెను. కృష్ణుని తఱుముచు గుహలో చొచ్చిన కాలయవనుడు, నిద్రించుచున్నవాడే కృష్ణుడని భ్రమించి కాలితో తన్ని బూడిదయయ్యెను. ఆ గుహ ఈ కొండపైననే యున్నదని స్థలపురాణము. ఇతరుల సంస్థయందు ఇతరుల లాభమునకై అహోరాత్రములు శ్రమించి, కడపట ఎవరును పిలువని చోటున పండుకొనుటయే పరమపురుషార్థమని గ్రహించిన ఆ మహారాజును వారాంత యాత్రికులకు ఆదిగురువుగా ఎన్నకపోవుట మన వాఙ్మయమున ఒక లోపము. ఆయనకు దొరకిన వరము శిష్యులకు దొరకకుండుట మాత్రము లోకక్షేమమునకే. దొరకినచో, కొండమీదికి స్పీకరు పెట్టెలు మోసికొనివచ్చి డీజే పాటలు పెట్టువారిలో ఎందఱు మిగులుదురో చెప్పలేము.

ఆ ముచుకుందుని పేరిట ముచుకుందానదియై, జనుల నోట మూసీయైన ఏఱు ఈ కొండలలోననే పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పాఱి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలియుచున్నది. ఇచ్చట పాఠకుడు కొంచెము నిలువవలెను. మా యాత్ర మెహదీపట్నము దాటి లంగర్‌హౌజ్ చేరగా, మూసీయు ఈసీయు కలిసికొను చోట, గాంధీ మహాత్ముని చితాభస్మమును నిమజ్జనము చేసిన బాపూఘాటు సమీపమున, కారు అద్దములన్నియు నొక్కసారిగా పైకి లేచును, అత్తగారు కొంగుతో ముక్కు మూసికొందురు, పిల్లలు ఛీయందురు. రెండు గంటలు గడచిన పిమ్మట ఆ అత్తగారే, ఆ పిల్లలే, అనంతపద్మనాభస్వామి ఆలయము దిగువ చెట్ల నడుమ సన్నని వానకాలువ ప్రక్క చెప్పులు విడిచి, అది మూసీకి మొదలని ఎవరో చెప్పగా, దోసిళ్లతో నీరు తలపై చల్లుకొందురు. నది యొక్కటియే. నగరవాసి ప్రకృతిని చూడబోవుచున్నాడని సామాన్యవ్యాఖ్య. తన వీథి వెనుక పాఱు నదినే, అది తన యొద్దకు రాకమునుపు ఎట్లుండునో చూడబోవుచున్నాడని మా వ్యాఖ్య. ఈ మాట నేను అక్కడనే అనగా బావగారు, “నువ్వు ఫొటోకి అడ్డం జరుగు” అనిరి.

నిజాముల నాడు ఈ కొండగాలి క్షయరోగులకు ఔషధమని ఇచ్చట ఆసుపత్రి కట్టిరి. రోగులు నెలల తరబడి సేవించిన ఆ మందును మనము ఒక్క మధ్యాహ్నమున సేవించి వత్తుము. అందులో కొంత సెల్‌ఫోను సిగ్నలు వెదకుటకు పోవును.

ఆరింటికల్లా = ఆరు గంటలకు మునుపే. “ఏడింటికల్లా” అని పాఠాంతరము కలదు; శనివారము రాత్రి కర్తయే దిద్దినది. శబ్దప్రమాణముకంటె ప్రత్యక్షము బలీయమగుటచే బయలుదేరుట తొమ్మిదిన్నరకు.

బయలుదేరాలి = ఇల్లు వెడలవలెను. అప్పా జంక్షను దాటినది మొదలు మన్నెగూడ వఱకు దారికి ఇరుప్రక్కల, బాటసారుల నీడకై నిజాముల కాలమున నాటిన మఱ్ఱిచెట్లు తొమ్మిదివందలకు దరిదాపుగా నున్నవి. కొమ్మలు దారిపై కలిసికొని పందిరి వేసినవి. ఊడలు గాలికి ఊగుచుండును. కొండకు త్వరగా పోవలెనన్న దారి వెడల్పు కావలెననియు, వెడల్పు కావలెనన్న ఇవి పోవలెననియు ప్రతిపాదన రాగా, వృక్షప్రేమికులు హరిత ట్రిబ్యునలు దాక పోయి వాదించిరి. పచ్చదనము యాత్రకు సాధ్యమా, అంతరాయమా యను ప్రశ్నకు ఇంతకంటె చక్కని ఉదాహరణము శాస్త్రములలో దొరకదు. నా మట్టుకు యాత్రాఫలము ఈ మఱ్ఱిమానుల క్రిందనే సిద్ధించును. అచ్చట కారు నిలుపుమనినచో బావగారు, “ఇంకా అనంతగిరి రాలేదు” అందురు.

పులిహోర మీ అక్క చేస్తుంది = ఇది గ్రంథమునకెల్ల గహనమైన వాక్యము. చేయునది కర్తగారి ధర్మపత్ని. ఆమెను “మీ అక్క” అని మాకు అంటగట్టుటచే, చింతపండు నానబెట్టు భారమునకు తనకంటె మాకే ఎక్కువ బాధ్యత గలదని ధ్వనింపజేసెను. “చేస్తుంది” అనునది రూపమున భవిష్యత్తు, అర్థమున విధి. ఆమెయు గ్రూపులో సభ్యురాలే. ఈ విధిని మాతోపాటు అప్పుడే చదివి, బొటనవ్రేలి గుర్తు నొకదానిని మాత్రము పంపెను. అది అంగీకారమని కర్త, వ్యంగ్యమని మా అమ్మ. వారమంతయు బ్యాంకులో పనిచేసిన ఆమెకు ఆదివారము నాలుగు గంటలకు మేల్కొనుట వనవిహారమున అంగమా, ప్రధానమా యని విచారించినవారు లేరు. పులిహోరనే యేల? పులుపును నూనెయు పట్టిన అన్నము సాయంత్రము దాక చెడదు, కూర నపేక్షింపదు, చేతిలో పెట్టుకొని తినదగును. చింతకును మూసీకిని సంబంధము మా పులిహోరతో ఆరంభమైనది కాదని కూడ గుర్తింపవలెను. 1908 నాటి వఱదలో నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమందలి ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి, ఆ చెట్టు నేటికిని కలదు. పులిహోర ప్రథమనివేదనము కొండకోతులకు. అవి డబ్బా మూతను తీయు నేర్పు మా చిన్నబావకు లేదు.

సాయంత్రానికి = చీకటి పడకమునుపే; వచ్చేయొచ్చు = ఇల్లు చేరుట సంభవము. సంభావనార్థకమే గాని నిశ్చయము గాదు. నగరమున సగము మంది అదే ఆదివారము అదే గ్రంథమును తమ తమ గ్రూపులలో రచించియుండుటచే, తిరుగుదారిన చేవెళ్ల మొదలు అప్పా జంక్షను వఱకు కార్లు ఒకదానివెంట నొకటి నిలిచి, మొక్కజొన్నపొత్తులు కాల్చువారికి వ్యాపారము పెరిగి, పిల్లలు నిద్రించి, పెద్దలు మాటలు మానుదురు.

తాత్పర్యము: సుగమము.

విశేషము: డీజిలు ఖర్చు ఎవరిదను విషయమున మూలమున ఒక్క అక్షరమైనను లేదు. కర్త మౌనము వహించిన చోట వ్యాఖ్యాత నోరు తెఱచుట సంప్రదాయము గాదు. బావగారు మాత్రము సోమవారము ఉదయము గ్రూపున బంకు రశీదు ఫొటోను, ఏ వ్యాఖ్యయు లేక, ప్రచురించియున్నారు.