నడిస్తేనే కాలేజీ

తెల్లవారి ఏడు కొట్టకముందే మా పిఠాపురం రోడ్ల మీద కాలేజీ బస్సులు బారులు తీరతాయి. మెడలో కార్డు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో క్యారేజీ. ఎక్కిన పిల్లలు ఎక్కినట్టే నిద్రలోకి జారుకుంటారు. సాయంత్రం మళ్ళీ అక్కడే దిగుతారు. నాలుగేళ్ళూ ఇదే వరస. మా మనవణ్ణి అడిగాను, మీ కాలేజీ ఎంతరా అని. "వంద ఎకరాల పైనే తాతయ్యా" అన్నాడు. అందులో నువ్వు తిరిగిందెంత అంటే, బస్సాగే చోటు నుంచి వాళ్ళ బ్లాకు దాకానట! క్లాసు అయ్యాక ఓ పది నిమిషాలు ఆగితే బస్సు వెళ్ళిపోతుందట. అంత నేల ఎవరి కోసమండీ?

మా రోజుల్లో కాకినాడ పి.ఆర్. కాలేజీకి వెళ్ళేవాళ్ళం. మా ఊరి రాజావారి పేరే దానికి. 1852లో బడిగా మొదలై 1884లో కాలేజీ అయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా చేసిన చోటని పెద్దలు చెబుతుంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచేవాళ్ళం. వరండాలో మాస్టారు ఎదురైతే తప్పించుకునే దారి ఉండేది కాదు. నిలబెట్టి, నిన్నటి పాఠం అడిగేవారు. సాయంత్రం ఎవరూ తరిమేవారు కాదు. ఒక బస్సు పోతే ఇంకో బస్సు.

ఆ తర్వాత వాల్తేరు. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ 1930లో అక్కడికి చేరింది. నాలుగొందల ఎకరాల పైచిలుకు, అంతా ఎత్తుపల్లాలు. హాస్టలు నుంచి క్లాసుకి, క్లాసు నుంచి లైబ్రరీకి, అక్కణ్ణుంచి మెస్సుకి, అన్నిటికీ కాళ్ళే. ఆ దారుల్లోనే జియాలజీ కుర్రాడు సంచిలోంచి రాయి తీసి దాని వయసు చెప్పేవాడు. తెలుగు ఎమ్మే వాడు పద్యం ఎత్తుకునేవాడు. నేను చదివింది ఎకనామిక్స్. మిగతాదంతా ఆ రోడ్ల మీద నేర్చుకున్నదే. ఇప్పుడు సివిల్ చదివేవాడికి పక్క బ్లాకు మెకానికల్ వాడి మొహమే తెలీదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు 2025లో కంచ గచ్చిబౌలి నాలుగొందల ఎకరాల కోసం రోడ్డెక్కితే, చదువుకునేవాళ్ళకి చెట్ల గోలెందుకన్నారు కొందరు. నాకు మహా కోపం వచ్చింది. ఆ నేల మీద తిరిగారు గనక వాళ్ళకి దాని విలువ తెలుసు. సుప్రీంకోర్టు ఏప్రిల్లో చెట్ల నరికివేత ఆపించేదాకా వాళ్ళు వదల్లేదు.

ఇక ఇంటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అపార్టుమెంటులో కాలేజీ, మెట్ల మీద విరామం. పదహారేళ్ళ పిల్లాడు పరుగెత్తడానికి ఓ బెత్తెడు జాగా ఉండదు.

అయ్యా, యాజమాన్యాలవారూ, కొత్త బిల్డింగులు తర్వాత కడుదురుగాని. ముందు రాత్రి ఏడింటికి ఒక ఆఖరి బస్సు వెయ్యండి. అందాకా లైబ్రరీ, గ్రౌండూ తెరిచి ఉంచండి. డీజిలు ఖర్చంటారా, మేం కట్టే ఫీజులో అదేపాటి?